రాత్రి రెండింటికి వచ్చే కంపు, పగలు పదకొండింటికి వచ్చే తనిఖీ

హైదరాబాద్‌లో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలకు దగ్గరగా ఉండే కాలనీల వాళ్ళకు ఈ వరస కొత్తేమీ కాదు. అర్ధరాత్రి దాటాక ఘాటైన వాసన మొదలవుతుంది. ఒకరికి కుళ్ళిన గుడ్డులా ఉంటుంది, ఇంకొకరికి పెయింటు డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. మండు వేసవిలో కూడా లేచి కిటికీలు మూసుకోవాల్సి వస్తుంది, వాట్సాప్ గ్రూపులో "మీకూ వస్తోందా?" అని మెసేజీలు మొదలవుతాయి, తెల్లారాక ఎవరో ఒకరు పూనుకుని ఫిర్యాదు పెడతారు. తనిఖీకి మనిషి వచ్చేసరికి మరుసటి రోజు పగలు పదకొండు అవుతుంది. అప్పుడు ఎండ కాస్తుంటుంది, గాలి వీస్తుంటుంది, వాసన జాడే ఉండదు. తనిఖీ సమయంలో దుర్వాసన గమనించలేదని రాసి ఫిర్యాదు మూసేస్తారు. ఆ రాసిన మాటలో అబద్ధం ఏమీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది.

చెత్తకుప్పకు ఫోటో తీయొచ్చు, గుంతలో నిలిచిన నీళ్ళకు వీడియో తీయొచ్చు. వాసనకు అవేవీ కుదరవు. అది వచ్చి వెళ్ళిపోయే వస్తువు, కొలిచేవాడు వచ్చేదాకా ఆగదు. కాబట్టి మిగతా ఫిర్యాదుల్లా "మా వీధిలో కంపు వస్తోంది, చర్య తీసుకోగలరు" అని ఒక్క వాక్యం రాసి పంపితే అది ఎక్కడా నిలబడదు. వాసన మీద ఫిర్యాదు చేసేవాళ్ళు కొలత కూడా తామే తీసుకెళ్ళాలి. కొలత అంటే యంత్రం కొనమని కాదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, గాలి ఎటు నుంచి, ఎంతమందికి అన్నవి రాసి పెట్టుకుంటే చాలు, అధికారి రాలేకపోయిన ఆ రాత్రి రెండు గంటల వేళను ఆ కాగితమే పగలు పదకొండింటికి ఆయన ముందు పెడుతుంది.

అసలు రాత్రిపూటే ఎందుకు ఎక్కువ? ఎవరూ చూడరని రాత్రే వదులుతారనే మాట జనంలో బాగా ఉంది. అలాంటివి జరగవని ఎవరూ అనలేరు. కానీ ఇంకో కారణం కూడా ఉంది, అది తెలియకపోతే ఫిర్యాదు తప్పుదారి పడుతుంది. పగలు నేల వేడెక్కి ఆ వేడికి గాలి పైకి లేస్తుంది, దాంతో పాటు పొగ, ఆవిర్లు అన్నీ పైకి పోయి చెదిరిపోతాయి. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా అయిపోతుంది, దాని పైన ఉన్న వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ముఖ్యంగా చలికాలంలో, గాలి కదలని రాత్రుల్లో, పొద్దున ఎండ ఎక్కేదాకా ఈ మూత తొలగదు. అంటే రోజంతా ఒకే మోతాదులో వదిలినా మనకు ముక్కుపుటాలు అదిరేది రాత్రే. "రాత్రి దొంగతనంగా వదులుతున్నారు" అని రాస్తే అది మనం నిరూపించాల్సిన ఆరోపణ అవుతుంది. "రాత్రి 1 నుంచి 4 మధ్య మా ఇళ్ళ దగ్గర ఈ వాసన ఉంటోంది" అని రాస్తే అది మనం చూసిన విషయం, దాన్ని కాదనడం కష్టం.

చాలా ఫిర్యాదులకు వచ్చే ఇంకో జవాబు, గాలి నాణ్యత పరిమితుల్లోనే ఉంది అని. ఈ జవాబు విని చాలామంది డీలా పడిపోతారు, తమ ముక్కే తప్పేమో అనుకుంటారు. పడాల్సిన పని లేదు. మన దేశంలో 2009లో ప్రకటించిన గాలి నాణ్యత ప్రమాణాల్లో ఉన్నవి 12 పదార్థాలు. సన్నటి ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, బెంజీన్ లాంటివి. ఫోన్‌లో కనబడే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ అంకె అయితే అందులోని 8 పదార్థాల లెక్కే. కుళ్ళిన గుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఈ రెండింటిలోనూ లేదు. కుళ్ళిన క్యాబేజీలా కొట్టే మెర్కాప్టాన్లు లేవు, మందుల ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్లలో చాలావాటికి కూడా ఇక్కడ చోటు లేదు. పైగా మన ముక్కు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గాలిలో వంద కోట్ల పాళ్ళకు కొద్ది పాళ్ళు ఉన్నా పట్టేస్తుంది. ధూళి కొలిచే యంత్రం పెట్టి, అంతా బాగానే ఉందని చెప్పడం, జ్వరం వచ్చిందని వెళ్తే బరువు తూచి సరిగ్గానే ఉన్నారని పంపడం లాంటిది. అడిగిన ప్రశ్న ఒకటి, వచ్చిన జవాబు ఇంకోదానికి. దీని మీద మర్యాదగానే తిరిగి రాయాలి. ఏ పదార్థాలను కొలిచారు, ఏ సమయంలో, ఎక్కడ నిలబడి కొలిచారు, గాలి దిశ ఏమిటి, ఆ నివేదిక కాపీ ఇవ్వండి అని.

ఇందులో అధికారుల ఇబ్బంది కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. 1981 నాటి వాయు చట్టంలో గాలిని కలుషితం చేసే పదార్థం అంటే ఏమిటో నిర్వచనం ఉంది, 1987లో సవరించి అందులో శబ్దాన్ని కూడా చేర్చారు. వాసన అనే మాట మాత్రం అందులో లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో దుర్వాసన మీద మార్గదర్శకాలు తెచ్చింది కానీ మార్గదర్శకం వేరు, దాటితే చర్య తీసుకోగల అంకె వేరు. వేరే దేశాల్లో ఆ అంకె ఉంది. యూరప్‌లో గాలిని సంచిలో పట్టుకెళ్ళి, ముందుగా పరీక్షించి ఎంచుకున్న మనుషుల చేత ల్యాబులో వాసన చూపించి, సగం మందికి వాసన తెలిసే పలుచన ఎక్కడో లెక్కకట్టే పద్ధతి 2003 నుంచే ప్రమాణంగా నడుస్తోంది. జర్మనీలో అయితే నివాస ప్రాంతాల్లో ఏడాది మొత్తం గంటల్లో పదో వంతుకు మించి వాసన ఉండకూడదని హద్దు పెట్టుకున్నారు. అంటే మనిషి ముక్కునే కొలబద్దగా ఒప్పుకున్నారు. మన దగ్గర అదే ముక్కు చెప్పిన మాటను మీకు అలా అనిపించింది అని కొట్టిపారేస్తున్నారు.

బ్రిటన్‌లో ఈ పని స్థానిక కౌన్సిల్‌ది. అక్కడ 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం దుర్వాసన మీద ఫిర్యాదు వస్తే విచారించడం కౌన్సిల్ బాధ్యత, న్యూసెన్స్, అంటే చుట్టుపక్కల జనానికి ఇబ్బంది, ఉందని తేలితే ఆపమని నోటీసు ఇవ్వడం కూడా. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే వాళ్ళకు అనుభవమే, చాలా కౌన్సిళ్ళు మొదట అడిగేది వాసన ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసుకున్న డైరీ. అలాగని అక్కడంతా చిటికెలో అయిపోతుందని కాదు. న్యూకాజిల్ అండర్ లైమ్ దగ్గర వాలీస్ క్వారీ అనే డంపింగ్ స్థలం నుంచి వచ్చే కుళ్ళిన గుడ్ల కంపు మీద జనం ఏళ్ళ తరబడి ఫిర్యాదులు పెట్టారు, 2021లో కౌన్సిల్ నోటీసు ఇచ్చింది, మూసేయమని పర్యావరణ సంస్థ చెప్పింది 2024 నవంబరులో.

ఇక మన దగ్గరకు వస్తే, వాయు చట్టంలో వాసన అనే మాట లేకపోయినా చేతిలో ఇంకో పాత ఆయుధం ఉంది. అది న్యూసెన్స్. ఈ విషయంలో ప్రతి కాలనీ సంఘం తెలుసుకోవాల్సింది రత్లాం కేసు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం మురుగు కాలువలు లేక, బహిరంగ మలవిసర్జనతో, ఒక ఆల్కహాల్ ఫ్యాక్టరీ నుంచి వీధిలోకి వచ్చే కంపుకొట్టే నీళ్ళతో విసిగిపోయి మున్సిపాలిటీ మీద మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద ఆయన మున్సిపాలిటీకే ఆదేశం ఇచ్చాడు. మున్సిపాలిటీ కేసును సుప్రీంకోర్టు దాకా లాగింది. వాళ్ళ వాదనలు రెండు. ఒకటి, మా దగ్గర డబ్బు లేదు. రెండోది, ఇక్కడ పరిస్థితి ఎలా ఉందో తెలిసే వాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు కాబట్టి ఇప్పుడు ఫిర్యాదు చేసే హక్కు లేదు.

ఈ రెండో మాట ఇప్పటికీ ప్రతి ఊళ్ళో వినబడుతుంది. ఫ్యాక్టరీ ముందే ఉంది, డంపింగ్ యార్డు ముందే ఉంది, చవగ్గా వస్తుందని ప్లాటు కొనుక్కుని ఇప్పుడు ఏడిస్తే ఎలా అని. 1980 జూలై 29న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్న ధర్మాసనం మున్సిపాలిటీ అప్పీలును తోసిపుచ్చింది. పారిశుద్ధ్యం చూడటం మున్సిపాలిటీ చట్టబద్ధమైన విధి, డబ్బు లేదనే సాకుతో దాన్నుంచి తప్పించుకోవడం కుదరదని చెప్పింది. ఆ 133వ సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. కలెక్టర్, ఆర్డీవో స్థాయి కార్యనిర్వాహక మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళి, ఫలానా పని వల్ల చుట్టుపక్కల జనం ఆరోగ్యానికి, సౌకర్యానికి హాని జరుగుతోందని ఆధారాలతో చెబితే, ఆపమనో సరిచేయమనో షరతుతో ఆదేశం ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. వాసనకు అంకె అక్కర్లేదు, జనం బాధ పడుతున్నారని తేలితే చాలు. గాలిని హానికరంగా మార్చడం భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షన్ ప్రకారం నేరం కూడా, కానీ దాని జరిమానా 1,000 రూపాయల లోపే, ఏ ఫ్యాక్టరీకీ అది లెక్కలోకి రాదు. జరిమానా కోసం వెంటపడటం కన్నా ఆపమనే ఆదేశం కోసం వెంటపడటం మేలు.

ఎవరికి ఫిర్యాదు చేయాలన్న దగ్గరే సగం మంది అలిసిపోతారు. మున్సిపాలిటీకి వెళ్తే పీసీబీకి వెళ్ళమంటారు, పీసీబీ అంటే కాలుష్య నియంత్రణ మండలి, అక్కడికి వెళ్తే ఇది చెత్త వ్యవహారం, మున్సిపాలిటీదే అంటారు. స్థూలంగా లెక్క ఇది. చెత్త, చెత్త కాల్చడం, మురుగు కాలువ, చికెన్ షాపుల వ్యర్థాలు, చచ్చిన పశువులు, హోటల్ వంట పొగ లాంటివి మున్సిపాలిటీవి, పల్లెల్లో అయితే పంచాయతీవి. హైదరాబాద్‌లో మ్యాన్‌హోల్ నుంచి రసాయనం వాసన వస్తుంటే జలమండలికి కూడా చెప్పాలి, ఎవరో ట్యాంకర్‌తో రసాయన వ్యర్థాలు డ్రైనేజీలోకి వదిలి ఉండొచ్చు. పీసీబీ అనుమతితో నడిచే ఫ్యాక్టరీలు, రసాయన పరిశ్రమలు, వ్యర్థ జలాల శుద్ధి కేంద్రాలు పీసీబీవి, వాయు చట్టం 31ఏ సెక్షన్ కింద మూసేయమని, కరెంటు నీళ్ళు ఆపమని చెప్పే అధికారం దానికి ఉంది. కోళ్ల వ్యర్థాలను ఉడికించి నూనె, దాణా తీసే యూనిట్ల లాంటివి రెండు చోట్లా పడతాయి, అనుమతి లేకుండా ఊరి చివర షెడ్డులో నడిచేవైతే రెవెన్యూ వాళ్ళూ కావాలి. అనుమానం ఉంటే ఒకే అర్జీని అందరినీ చిరునామాలో పెట్టి ఒకే రోజు ఇవ్వడం మంచిది. అప్పుడు ఒకరి పేరు చెప్పి ఇంకొకరు తప్పుకోవడం కష్టమవుతుంది. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజావాణిలో ఇస్తే నంబరు వేసిన రసీదు వస్తుంది. ఏపీలో కూడా సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు. రసీదు లేని ఫిర్యాదును ఫిర్యాదుగా లెక్కపెట్టుకోకూడదు.

చెత్త కాల్చడం విషయంలో మాత్రం పని కాస్త తేలిక, ఎందుకంటే అది కంటికి కనబడుతుంది. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. చాలాచోట్ల పొద్దున్నే ఎండుటాకులు, ప్లాస్టిక్ కలిపి కాల్చేది ఊడ్చే సిబ్బందే. వాళ్ళ మీద ఫిర్యాదు పెట్టి ఓ పేద మనిషి జీతం కోయించడం న్యాయం కాదు, చెత్త ఎత్తే బండి ఆ వీధికి ఎన్ని రోజులకోసారి వస్తోందో రాసి ఆ పై అధికారిని అడగాలి. ఎత్తనప్పుడే కాలుస్తారు.

పెద్ద డంపింగ్ యార్డుల కథ వేరు. హైదరాబాద్ నగరం చెత్తంతా చేరే జవహర్‌నగర్‌లో పాత చెత్త గుట్టను కప్పారు, చెత్తతో కరెంటు తీసే ప్లాంటు వచ్చింది, అయినా దమ్మాయిగూడ, నాగారం వైపు కాలనీల్లో కంపు మీద గొడవ ఆగలేదు. చెత్త నుంచి ఊరే నల్లటి నీళ్ళు పక్కనున్న మల్కారం చెరువును పాడు చేశాయి. వాన పడ్డాక వాసన పెరుగుతుంది, తడిసిన చెత్త లోపల గాలి అందక కుళ్ళుతుంది కాబట్టి. ఇలాంటి చోట రోజూ ఫిర్యాదు పెట్టినా ఒక్కో ఫిర్యాదును విడిగా మూసేస్తూ పోతారు. ఇక్కడ అడగాల్సింది పనులు. ఈ రోజు వచ్చిన చెత్త మీద ఈ రోజే మట్టి కప్పుతున్నారా, నల్ల నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు రోజుకు ఎన్ని లీటర్లు శుద్ధి చేస్తోంది, బండ్లకు టార్పాలిన్ ఉంటోందా అని. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫ్యాక్టరీ అయితే దానికి పీసీబీ ఇచ్చిన అనుమతి పత్రం కాపీ అడగాలి. అందులో షరతులు వరసగా రాసి ఉంటాయి, ఏ ఆవిరికి ఏ స్క్రబ్బర్ (ఆవిర్లను కడిగి శుభ్రం చేసే పరికరం) పెట్టాలో, పొగగొట్టం ఎంత ఎత్తుండాలో. వాసన వస్తోంది అనేది ఒక మాట, ఫలానా షరతు పాటించడం లేదు అనేది ఇంకో మాట. రెండోదానికి జవాబు చెప్పక తప్పదు.

ఇంతకీ ఆ డైరీలో ఏం రాయాలి? ఒక్క రోజు రాత ఇలా ఉండొచ్చు: జనవరి 14, రాత్రి 1.40కి మొదలైంది, 3.15 దాకా ఉంది, మధ్యలో పది నిమిషాలు తగ్గింది, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన, మూడో అంతస్తు బాల్కనీలో ఎక్కువ, వీధి అవతలి వైపు లేదు, గాలి దాదాపు లేదు, అగరొత్తి పొగ ఈశాన్యం నుంచి నైరుతికి మెల్లగా పోయింది, మూడు ఇళ్ళవాళ్ళు తమకూ వచ్చిందన్నారు, పాపకు కళ్ళు మండాయి. అంతే. ఘోరం, దారుణం, భరించలేం అనే మాటలు ఇందులో అక్కర్లేదు. వాసన రాని రోజులు కూడా రాయాలి, చాలామంది వదిలేసేది ఇదే. నెలలో 11 రాత్రులు వచ్చింది, 19 రాత్రులు రాలేదు, వచ్చిన 11లో 9 రాత్రులు గాలి ఒకే దిక్కు నుంచి ఉంది అని చూపగలిగితే ఆ దిక్కులో ఎవరున్నారో పీసీబీ ఇంజినీరుకు మనం చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ పేరు మాత్రం ఖాయంగా తెలియకపోతే రాయొద్దు. నాలుగు యూనిట్లు పక్కపక్కనే ఉన్నచోట తప్పు పేరు రాస్తే, అక్కడ తనిఖీ చేసి ఏమీ లేదని తేల్చి ఫైలు కట్టేస్తారు, అసలువాడు హాయిగా ఉంటాడు. ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి వెళ్తే ఆ చీటీ తారీకు డైరీతో కలిసేలా దాచుకోవాలి. ఈ తారీకుల అవసరం ఇంకోచోట కూడా ఉంది. చెన్నైలో ఉన్న హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్ళాలంటే సాధారణంగా సమస్య మొదట తలెత్తిన 6 నెలల లోపు వెళ్ళాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. అర్జీలు ఇచ్చుకుంటూ రెండేళ్ళు గడిపేసి అప్పుడు లాయరును కలిస్తే మొదట ఎదురయ్యే ప్రశ్న అదే.

ఒక్కటి మాత్రం డైరీతో, అర్జీతో ఆగకూడనిది. ఎప్పుడూ లేని ఘాటు వాసన ఒక్కసారిగా వచ్చి కళ్ళు మండి, ఊపిరి ఆడకపోతే అది ఫిర్యాదు వ్యవహారం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చినప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురం జనానికి సైరన్ వినబడలేదు, నిద్రలో ఉన్నవాళ్ళను లేపింది ఆ వాసనే. 12 మంది చనిపోయారు. అలాంటప్పుడు గాలి వీచే దిక్కుకు అడ్డంగా దూరంగా పోవాలి, 112కు ఫోన్ చేయాలి. వంట గ్యాస్ లీకైతే 1906. వాసన తగ్గిందని ధైర్యపడటం కూడా ప్రమాదమే. హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళ స్థాయికి చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులు అందుకే ముందుగా పసిగట్టలేక పడిపోతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు.

అపార్ట్‌మెంట్లలో ఈ డైరీ ఎవరు రాయాలన్నది చివరికి వచ్చే ప్రశ్న. సంఘం సెక్రటరీలు మారిపోతారు, అద్దెకున్నవాళ్ళు కంపు భరించలేక ఖాళీ చేసి పోతారు, సొంత ఇల్లున్నవాళ్ళలో కొందరు ఫ్లాటు ధర పడిపోతుందని బయటికి చెప్పొద్దంటారు. రాత్రంతా మెలకువగా, గేటు దగ్గర ఆరుబయట కూర్చునే మనిషి ఒక్కడే ఉంటాడు, వాచ్‌మన్. వాసన ఎన్నింటికి మొదలైందో, ఎటు నుంచి వచ్చిందో అతనికి తెలిసినంతగా మూడో అంతస్తులో ఏసీ వేసుకుని పడుకున్నవాళ్ళకు తెలియదు, అందరికన్నా ఎక్కువ పీల్చేదీ అతనే. గేటు దగ్గర ఉండే రాకపోకల పుస్తకంలోనే ఇంకో గడి గీసి, టైము వేయమని అడిగితే వేస్తాడు. అర్జీ మీద అతని సంతకం కూడా తీసుకోవచ్చు, కాకపోతే ముందు అతన్ని అడిగి, ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాదని సంఘం తరఫున రాతపూర్వకంగా చెప్పి.